గజేంద్రుని సందేహము - భక్తివాక్యార్థము

పోతన భాగవతమున అష్టమస్కంధములో మొసలిచే చిక్కిన గజేంద్రుడు భగవంతుని తలచుచు నడుమ ఒకచోట సందేహించును. ఉన్నాడని అందరును చెప్పు ఆ దేవుడు నిజముగా ఉన్నాడా, లేడా అని అతని ప్రశ్న. సందేహము తీర్చు ఆధారమేదియు అతనికి దొరకదు. అయినను మొర ఆగదు. ఆధారము లేని ఆ మొరకు అర్థమున్నదా?

ఇరువదవ శతాబ్దమున ఇంగ్లండులో ఈ ప్రశ్న కఠినరూపము దాల్చెను. తర్కగణితములకు చెందని వాక్యము అనుభవపరీక్షకు నిలువనిచో, అది అసత్యము కూడ కాదు, నిరర్థకమేయని ఎ. జె. ఏయర్ 1936లో వాదించెను. ఆ లెక్కను నాస్తికుని నిషేధమును నిరర్థకమే. ఆ నియమమే అనుభవపరీక్షకు నిలువదన్న ఆక్షేపణ ప్రసిద్ధము. అంతకంటె పదునైనది 1950లో ఆంటొనీ ఫ్లూ వేసిన ప్రశ్న. జాన్ విజ్డమ్ చెప్పిన తోటమాలి కథను ఆయన పెంచెను. అడవి నడుమ పూలు కనబడగా, ఇచట తోటమాలి ఉన్నాడని ఒకడనును. కాపు కాయుదురు, విద్యుత్తు కంచె వేయుదురు, వేటకుక్కలను త్రిప్పుదురు, ఎవడును చిక్కడు. తోటమాలి కంటికి కనబడడు, చేతికి తగులడు అని మొదటివాడు తన మాటను సవరించుకొనుచు పోవును. అట్టి తోటమాలికిని అసలు లేని తోటమాలికిని భేదమేమి?

1955లో ఆర్. బి. బ్రెయిత్‌వెయిట్ వేరొక సమాధానమిచ్చెను. మతవాక్యము లోకమును గూర్చిన వార్త కాదు. ఒక విధముగా జీవింతునను సంకల్పము. కథలు దానికి ఊతము. వానిని సత్యములని నమ్మనక్కరలేదు. మీమాంస నెరిగినవారికి ఇది పూర్తిగా క్రొత్త కాదు. వేదము కర్మార్థమే అయినచో, విధి లేని వాక్యముల గతి యేమని జైమిని సూత్రములలో పూర్వపక్షము. అవి విధిని ప్రశంసించు అర్థవాదములని సిద్ధాంతము. శంకరునికి ఇది చాలలేదు. ఇది త్రాడు, పాము కాదు అను మాట ఏ పనిని విధింపకయే భయమును పోగొట్టునని ఆయన భాష్యమున చూపెను.

గజేంద్రుని మొర సంకల్పమాత్రము కాజాలదు. బలముడిగిన ఏనుగునకు కావలసినది జీవనవిధానము కాదు, రక్షకుడు. రక్షకుడు ఉన్నను లేకున్నను ఒకటే అయినచో, ఆ సందేహమున వేదనకు తావేది? ఇక ఫ్లూ కథలోని ఇరువురును గట్టున నిలిచి చూచువారు; గజేంద్రుడు మడుగులో మునుగుచున్నవాడు.

పోతన ఈ సూక్ష్మమును వ్యాకరణముననే చూపెను. సందేహించునప్పుడు దేవుడు ప్రథమపురుషలో ఉండును. శరణు వేడునప్పుడు మధ్యమపురుషకు వచ్చును. నడుమ క్రొత్త ఋజువేదియు చేరలేదు. గజేంద్రుడు ఈశ్వరుని సన్నిధిని తన మనస్సున కల్పించుకొనెనని మాత్రమే కవి చెప్పును. ఆ క్రియాపదమును ఎన్నుకొనుటలో కవి నిజాయితీ మెచ్చదగినది.

చీకటిలో తలుపు తట్టువాడు లోపల మనిషి ఉన్నట్లు ఋజువు చేసికొని తట్టడు. అట్లని ఇల్లు పాడుపడినదని తెలిసియు తట్టడు. ఋజువు లేకున్నను పిలుపునకు అర్థముండును. నిజానిజముల ప్రసక్తియే లేనిచో ఉండదు. అయితే ఇది పిలుపునకే చెల్లును. తలుపు ఎన్నడును తెరువబడకున్నను లోపల ఉన్నాడని శాసించు సిద్ధాంతికి ఫ్లూ ప్రశ్న తప్పదు.

ఈ వివేకము అనువాదకునకు అత్యవసరము. భక్తిపద్యమును మతసిద్ధాంతముగా అనువదించినచో సందేహము చచ్చును. కేవల మనోభావముగా అనువదించినచో వినవలసినవాడు మాయమగును. పోతన ఈ రెంటిని నిలిపెను. ఆస్తికుడును నాస్తికుడును ఆ ఘట్టమును ఒకే ఊపిరితో చదువగలుగుట అందువలననే.