అప్పగింతలు లేని వీడ్కోలు

నెలాఖరు రోజున ఏ బడి ముందో, ఏ ఆఫీసు ఆవరణలోనో షామియానా కనిపిస్తే అది పదవీ విరమణ సభ అని అడక్కుండానే చెప్పొచ్చు. వయసు నిండిన ప్రభుత్వ ఉద్యోగి, పుట్టినరోజు ఆ నెలలో ఏ తేదీన వచ్చినా, నెల చివరి రోజుదాకా కొలువులో ఉంటారు. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెలాఖరుకే దిగిపోతారు. అంటే ఇది హఠాత్తుగా నెత్తిన పడే కార్యం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 62కు, తెలంగాణలో 61కి ఫలానా రోజున అని సర్వీసు రిజిస్టరు చూసి ఎప్పుడో లెక్కగట్టుకోవచ్చు. అంత ముందుగా తెలిసిన తేదీకి మన ఏర్పాట్లు మాత్రం ఆఖరి వారంలో మొదలవుతాయి. అవి కూడా ఎవరిని పిలవాలి, శాలువాలు ఎన్ని తేవాలి, భోజనాలు ఎక్కడ పెట్టాలి అనే మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ మనిషి ఇన్నేళ్లు చేసిన పని రేపు పొద్దున ఎవరి చేతుల్లోకి వెళుతుంది? గుర్తుండిపోయే సభ ఈ ప్రశ్నలోంచే పుడుతుందని నా నమ్మకం.

మన పెళ్లిళ్లలో చివరి ఘట్టానికి అప్పగింతలు అని పేరు. చాలా ఇళ్లలో పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెడతారు. అప్పటిదాకా గోలగోలగా ఉన్న పందిరి ఆ కాసేపు మాట లేకుండా అయిపోతుంది. ఇదే మాట మన ఆఫీసుల్లోనూ ఉంది, చార్జి అప్పగింత అని. దిగిపోయే ఉద్యోగి తాళాలు, క్యాష్ పుస్తకం, స్టాకు రిజిస్టరు, పెండింగు ఫైళ్ల జాబితా తర్వాతివారికి ఇస్తారు, ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఒకే రోజు జరిగే ఈ రెండు పనులూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. అప్పగింత లోపల బల్ల మీద కాగితాల్లో జరిగిపోతుంది, వీడ్కోలు బయట షామియానా కింద మైకులో జరుగుతుంది. ఆర్నాల్డ్ వాన్ జెనెప్ అనే ఫ్రెంచి పండితుడు 1909లో రాసిన పుస్తకంలో పుట్టుక, పెళ్లి, చావు వంటి మలుపుల దగ్గర మనుషులు జరుపుకునే తంతుల్లో మూడు అంచెలు చూపించాడు. పాత స్థితి నుంచి విడదీయడం, అటూ ఇటూ కాని నడిమి దశ, కొత్త స్థితిలోకి చేర్చుకోవడం. మన పదవీ విరమణ సభ మొదటి అంచె దగ్గరే ఆగిపోతోంది. దండ వేసి, ఫొటో దిగి, కారెక్కించి పంపేస్తాం. కొలువు నుంచి విడదీశాం సరే, ఆయన్ను ఎక్కడ చేర్చాం? ఆయన పనిని ఎక్కడ చేర్చాం?

ఈ లోటు బాగా కొట్టొచ్చినట్టు కనిపించేది సన్మాన పత్రంలో. అద్దాల ఫ్రేము, బంగారు రంగు అంచు, పైన సరస్వతి బొమ్మ, ఓ మూల పాస్‌పోర్టు ఫొటో. 'విద్యాదాతా!', 'కర్తవ్య నిష్ఠాగరిష్ఠా!', 'సౌజన్యమూర్తీ!' అని సంబోధనలు, ఒక్కోదాని కింద నాలుగైదు వాక్యాలు. మనిషి పేరు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం, పనిచేసిన ఊళ్లు తీసేస్తే అదే పత్రం జిల్లాలో ఇంకే టీచరుకైనా అతుకుతుంది. ఆ టీచరు భిన్నాలు చెప్పడానికి ఇంటి నుంచి చపాతీ తెచ్చేవారా, దారపు ఉండ తెచ్చేవారా? బడి మానేసిన పిల్ల కోసం ఆ ఇంటి గడప ఎన్నిసార్లు తొక్కారు? పత్రంలో ఆ ఊసే ఉండదు. ఉపన్యాసాలదీ ఇదే తీరు. శేష జీవితం ఆయురారోగ్యాలతో గడపాలని కోరుతూ సెలవు తీసుకోని వక్త అరుదు. మంచి మనసుతోనే అంటారు. కానీ శేషమంటే మిగిలిపోయినది. ముప్పై ఏళ్ల నేర్పు చేతివేళ్లలో ఉన్న మనిషి బతుకును ఆ లెక్కలో వేయడం నాకు కష్టంగా తోస్తుంది.

పనినీ వీడ్కోలునూ ఒకేచోట కూర్చోబెట్టే ఆచారం మన దేశంలోనే ఉంది, అదీ సుప్రీంకోర్టులో. పదవీ విరమణ చేసే న్యాయమూర్తి చివరి పనిదినాన ఒకటో నంబరు కోర్టులో ప్రధాన న్యాయమూర్తి పక్కన కూర్చుంటారు. దిగిపోయేది ప్రధాన న్యాయమూర్తే అయితే, ఆ స్థానంలోకి రాబోయేవారు పక్కన ఉంటారు. 2022 ఆగస్టు 26న జస్టిస్ ఎన్.వి. రమణ తన చివరి రోజున జస్టిస్ యు.యు. లలిత్‌తో కలిసి అలాగే ధర్మాసనం మీద కూర్చున్నారు. సుప్రీంకోర్టు కార్యకలాపాలను దేశం ప్రత్యక్ష ప్రసారంలో తొలిసారి చూసింది ఆ రోజే. పని చేసిన కుర్చీలోనే వీడ్కోలు, పక్క కుర్చీలో రేపు ఆ పని చేయబోయే మనిషి. అంతకు నాలుగేళ్ల ముందు జరిగింది ఇంకా బలమైన సాక్ష్యం. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ 2018 జూన్ 22న పదవీ విరమణ చేయాల్సి ఉంది. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ జరుపుతామన్న వీడ్కోలును ఆయన వద్దన్నారు. అయినా వేసవి సెలవులకు ముందు తన చివరి పనిదినమైన మే 18న ఆనవాయితీ ప్రకారం ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ దీపక్ మిశ్రా పక్కన కూర్చున్నారు. అదే ఏడాది జనవరిలో కోర్టు నడుస్తున్న తీరు మీద మరో ముగ్గురు న్యాయమూర్తులతో కలిసి విలేకరుల ముందు బాహాటంగా మాట్లాడిన మనిషి ఆయన. సన్మానం అక్కర్లేదనుకున్నా, అన్ని విభేదాలున్నా, పనికి సంబంధించిన ఆనవాయితీని మాత్రం వదులుకోలేదు. దండలు తీసేసినా మిగిలేది ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది.

జనం నోట నిలిచిపోయిన వీడ్కోళ్లను చూసినా అంతే. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతుంటే విద్యార్థులు గుర్రపు బండిని పూలతో అలంకరించి, గుర్రాలు విప్పేసి, తామే లాగి స్టేషనుకు చేర్చారు. వందేళ్లు దాటినా చెప్పుకుంటున్నాం. పూలకు ఎంతయిందని ఎవరూ అడగరు, ఎవరి చేతులు లాగాయన్నదే కథ. 2013 నవంబరు 16న వాంఖెడే మైదానంలో చివరి టెస్టు ముగిశాక సచిన్ తెందూల్కర్ చేతిలో ఒక కాగితం ఉంది. అందులోని జాబితా చూసుకుంటూ తండ్రినీ, కోచ్ రమాకాంత్ అచ్రేకర్‌నూ, ఇంకా ఎందరినో పేరుపేరునా తలచుకున్నాడు. తర్వాత ఒంటరిగా పిచ్ దగ్గరికి వెళ్లి వంగి నేలను తాకి దండం పెట్టాడు. ఆనాటి జ్ఞాపికలు ఎవరికీ గుర్తులేవు, ఆ కాగితమూ ఆ ఇరవై రెండు గజాల నేలా గుర్తున్నాయి. రైల్వేలో లోకో పైలట్ ఆఖరి డ్యూటీ ముగించుకుని వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద తోటివాళ్లూ ఇంటివాళ్లూ దండలతో ఎదురుచూస్తుంటారు. ఇంజను మెట్లే ఆయనకు వేదిక.

అందుకే ఏర్పాట్లను పని జరిగే చోటు నుంచి మొదలుపెట్టాలంటాను. ఒక లెక్కల టీచరమ్మను తీసుకుందాం. సభకు ముందు ఆమె చేత అరగంట పాఠం చెప్పించాలి. పిల్లలు ముందు బెంచీల్లో, తోటి టీచర్లూ పాత విద్యార్థులూ వెనక బెంచీల్లో. ఆమె చపాతీని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, విప్పి, మడతల గీతల మీద వేలు పెట్టి, సగంలో సగం ఎంత అని అడుగుతారు. ఒక పిల్లవాడు రెండు అంటాడు. అప్పుడు ఆమె ఏం చేస్తారన్నదే ముప్పై ఏళ్ల నేర్పు. తప్పు అనకుండా చపాతీని వాడి చేతికిచ్చి, నువ్వే మడిచి ఎన్ని ముక్కలో లెక్కపెట్టు నాన్నా అంటారా? ఏ సన్మాన పత్రానికీ అందని ఈ క్షణాన్ని వెనక బెంచీలో కూర్చున్న కొత్త టీచరు పట్టుకోగలరు. మరి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుకు పాఠం ఎక్కడుంది అంటారేమో. పింఛను ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుందో, ఏ కాగితం జతచేయకపోతే తిరిగొస్తుందో ఆయనకు తెలిసినంత రూల్సు పుస్తకంలో ఉండదు. నెల ముందు నుంచి వారానికి రెండు గంటలు జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టి, ఆ సంగతులన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. సభలో శాలువా కంటే ముందు ఆ పుస్తకాన్నీ, బీరువా తాళాల గుత్తినీ ఆయన చేతులతో జూనియర్ చేతుల్లో పెట్టించాలి. వక్తలు ఐదుగురు చాలు. గంట కొట్టే అటెండరు, దిగిపోయే ఉద్యోగి వల్ల పని జరిగిన ఒక మామూలు మనిషి, తోటి ఉద్యోగి, ఇంటి మనిషి, చార్జి తీసుకునేవారు. ఒక్కొక్కరినీ పది రోజుల ముందే కలిసి, మీరు కళ్లారా చూసిన ఒక్క సంగతి చెప్పండి చాలు అని అడగాలి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. జీవితమంతా పేరు లేకుండా పనిచేసిన మనిషికి ఒక్క రోజైనా పదిమందిలో గౌరవం దక్కొద్దా? ఎమ్మెల్యే వచ్చి శాలువా కప్పితే ఆ ఇంటివాళ్లు ఎంత మురిసిపోతారు! నిజమే. దంపతులకు కొత్త బట్టలు పెట్టి పక్కపక్కన కూర్చోబెట్టడంలో ఉన్న నిండుదనాన్ని నేను వదులుకోమనను. ఆ ఉద్యోగాన్ని ఇంట్లోంచి మోసిన మనిషికి వేదిక మీద చోటు దొరికేది ఆ ఒక్కనాడే. నా పేచీ వరస గురించి. వచ్చిన ప్రతివారూ శాలువా కప్పి ఫొటో దిగేసరికి గంటన్నర కరిగిపోతుంది. వంటల వాసన వస్తుంటుంది, వెనక కుర్చీలు ఖాళీ అవుతుంటాయి. అసలు మనిషి చేతికి మైకు వచ్చేది అప్పుడు, క్లుప్తంగా ముగించమన్న చీటీతో పాటు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 1993లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. 14 డిగ్రీల చన్నీళ్లలో నిమిషం పాటు చేయి పెట్టించారు. మరోసారి అదే నిమిషం తర్వాత ఇంకో అర నిమిషం ఉంచి, ఆ కాసేపట్లో నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకున్నారు. బాధ పడిన సేపు కంటే అది ముగిసిన తీరే మనసులో నిలిచింది. సభకైనా ఇంతే. శాలువాలు ముందు కానివ్వండి, చివరి ఇరవై నిమిషాలు మాత్రం దిగిపోయే మనిషి మాటకూ అప్పగింతకూ ఉంచండి. వందన సమర్పణ భోజనాల దగ్గర చెప్పుకోవచ్చు.

ఖర్చు సంగతి తొందరగా తేల్చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964లోని 14వ నిబంధన పదవీ విరమణ, బదిలీ వీడ్కోళ్లను ఆంతరంగికంగా, ఆడంబరం లేకుండా జరుపుకోవడానికి ఒప్పుకుంటుంది. చందాల కోసం ఎవరినీ ఒత్తిడి చేయకూడదంటుంది. పై అధికారి వీడ్కోలుకు కింది గ్రూపుల ఉద్యోగుల దగ్గర వసూలు చేయడాన్ని ఏ పరిస్థితిలోనూ కూడదంటుంది. అటెండరు జీతంలోంచి ఆఫీసరు ఉంగరం రావడంలోని అన్యాయం ఆ నిబంధన రాసినవాళ్లకు తెలుసు. నోటుపుస్తకానికీ అరగంట పాఠానికీ చందా అక్కర్లేదు. అందువల్ల బడిలో మధ్యాహ్న భోజనం వండిన ఆయమ్మ పని మానే రోజున కూడా ఇదే సభ జరపొచ్చు. రెండొందల మందికి ఎసరు ఎంత పెట్టాలో చేతి కొలతతో చెప్పగల మనిషికి అప్పగించాల్సింది లేదని ఎవరనగలరు?

అందరూ బాగా పనిచేసినవాళ్లే కాదు కదా, పని గురించే మాట్లాడితే కొందరి సభలో చెప్పడానికి ఏముంటుంది అన్న మాట కూడా వినాల్సిందే. నాకు ఇది విశేషణాల సభ మీద అభ్యంతరంగానే కనిపిస్తోంది. అందరినీ ఒకే పొగడ్తతో పంపినప్పుడు నిజంగా ప్రాణం పెట్టి పనిచేసిన మనిషికి దక్కాల్సిన మాట పలచబడిపోతుంది. ఒక్క సంగతి చెప్పమంటే, పనిలో వెనకబడినవారి గురించి కూడా చెప్పదగిన ఒక మంచి నిజం తోటివాళ్లకు దొరుకుతుంది, అబద్ధం ఆడే అగత్యం తప్పుతుంది. మైకంటే బెదిరేవారి సంగతి వేరు. వారిని వేదిక ఎక్కించొద్దు. నలుగురు కూర్చున్న గదిలో అప్పగింత జరిపితే చాలు.

చివరగా తేదీ. మే నెలాఖరున దిగిపోయే టీచర్ల సభలు సెలవుల్లో పడతాయి. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడికి తాళం ఉంటుంది, మే 31న ఎండలో పెద్దలంతా వస్తారు, పిల్లలు మాత్రం ఉండరు. జూన్ 22 దాకా ఆగకుండా మే 18నే ధర్మాసనం మీద చివరిసారి కూర్చున్న చలమేశ్వర్ ఉదాహరణ ఇక్కడ దారి చూపిస్తుంది. కాగితాల మీది విరమణ మే 31నే జరగనివ్వండి. ఆ టీచరమ్మ సభను ఏప్రిల్‌లో బడి చివరి పనిదినానికి జరపండి. ఆ రోజు ముందు బెంచీల్లో పిల్లలుంటారు, వెనక బెంచీలో కొత్త టీచరు నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంటారు.