నేసినవాళ్ళ పేరు లేని పుస్తకం

ముగ్గుల నోటుబుక్కు, ఎంబ్రాయిడరీ కోసం దాచిన పత్రికల కటింగులు, పాత పట్టుచీరల అంచు ముక్కలు... మనలో చాలామంది బీరువాల్లో ఇవి కలగాపులగంగా పడుంటాయి. నమూనాలు సర్దడంలో నేర్పు చూడాలంటే జాన్ ఫోర్బ్స్ వాట్సన్ పుస్తకాలే చూడాలంటాను.

ఈయన లండన్‌లో ఇండియా ఆఫీసు ఉద్యోగి. 1866లో మన దేశపు బట్టలు కత్తిరించి పుస్తకాల్లో అతికించాడు. 18 సంపుటాలు, 700 ముక్కలు. అలాంటి సెట్లు 20! తలపాగాలు ఒకచోట, చీరలు ఒకచోట. ముక్కతోపాటు ఊరు, కొలతలు, ధర. ఆ పొందిక చూస్తే ముచ్చటేస్తుంది. వేళ్ళతో తడిమి చూడగల గుడ్డముక్క ముందు ఎంత మంచి బొమ్మైనా దిగదుడుపేనని ఆయనకి తెలుసు.

మరి ఇంత శ్రమ దేనికట? బ్రిటన్ మిల్లులవాళ్ళు మనకి నచ్చే బట్ట నేసి మనకే అమ్ముకోవడానికి! 13 సెట్లు అక్కడే ఉంచుకుని, 7 మన దేశానికిచ్చారు. ధర రాసిన ఆ పుస్తకాల్లో నేసినవాళ్ళ పేరు మాత్రం లేదు. నా దృష్టిలో అది చిన్న లోపం కాదు.

మన నోటుబుక్కులు మాత్రం? మెలికల ముగ్గుంటుంది, నేర్పిన పిన్నిగారి పేరుండదు. చక్కగా విడదీసి సర్దుకోండి. పక్కనే ఎవరిది, ఏ ఊరిది అని ఒక్క ముక్క రాయండి. లేకపోతే మనదీ దొరగారి పద్దే!