ఎవరి బండి యెక్కవలెను?

సంక్రాంతికి ముందు మా మేనల్లుడు, పందొమ్మిదేండ్లవాడు, కారు లైసెన్సు చేతికి వచ్చి నెల తిరుగక మునుపే పులివెందుల నుండి ప్రొద్దుటూరిలోని మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, "మామా, లారీ నేర్చుకోవాలనుండాది. యెవరి కాడ క్లీనరుగా చేరేది? ముప్పై యేండ్లు ఆఫీసులో లెక్కలు రాసినోడివి, నీకు తెలీని ఓనరెవరుండారు?" అని యడిగినాడు. లారీ బుకింగు ఆఫీసున వేలకొలది ట్రిప్పుల పద్దులు వ్రాసియు ఒక్కనాడైనను స్టీరింగు పట్టి యెరుగని నన్ను ఇట్టి ప్రశ్న యడుగుట, వంటయింటి పద్దు వ్రాయువానిని పప్పులో ఉప్పెంత వేయవలెనని యడుగుట వంటిదే. అయినను ఆ యింట నెలకు ఉప్పెంత ఖర్చగునో వంటవానికంటె పద్దు వ్రాయువానికే బాగుగా తెలియును గనుక, నేను సమాధానము చెప్పుటకు సాహసించితిని.

అమెరికా దేశమున ఈ ప్రశ్నకు వేరొక రూపము కలదు. అచ్చట 2022 ఫిబ్రవరి 7వ తేదీ మొదలు, పెద్దబండి లైసెన్సు తొలిసారి కోరువాడు ప్రభుత్వపు పట్టికలో నమోదైన శిక్షణాలయమున నేర్చియే పరీక్షకు పోవలెను. కొన్ని రవాణా కంపెనీలు ఆ ఖర్చు తామే భరించి, ఇంతకాలము మాయొద్దనే పనిచేయవలెనని ఒప్పందపత్రము వ్రాయించుకొనును. మన సీమలో కంపెనీకి మారుగా ఓనరు, శిక్షణాలయమునకు మారుగా డ్రైవరు ప్రక్కనున్న యెడమవైపు సీటు, ఒప్పందపత్రమునకు మారుగా అడ్వాన్సు. నేనెరిగిన పాతకాలపు డ్రైవర్లందరును ఆ యెడమతలుపు గుండానే యెక్కి, కొన్నేండ్లకు కుడితలుపు గుండా దిగినవారు.

చట్టము తన మార్గమును తాను చెప్పుచునే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇరువది యేండ్లు నిండనివాడు రవాణా వాహనము నడుపరాదు. తేలిక వాహనపు లైసెన్సు పొంది యేడాది గడవనిదే రవాణా వాహనమునకు ఎల్.ఎల్.ఆర్. దొరకదు. తేలిక లైసెన్సుతోనే 7,500 కిలోలకు మించని సరకు బండ్లను నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పిన మాట నిజమే గాని, వయోనియమము మాత్రము చెక్కుచెదరలేదు. ఇక డ్రైవింగు స్కూలులో హెవీ బండికి నిర్ణయించిన శిక్షణ 30 దినములు, అందు చేతితో నడుపవలసినది కనీసము 15 గంటలు. అనగా లారీ ప్రొద్దుటూరు నుండి చెన్నపట్టణము పోయి మరలివచ్చునంత కాలము! ఆ 15 గంటలు లైసెన్సు నిచ్చును. విద్య కావలెనన్న మరల ఆ యెడమ సీటే గతి. మావానికి ఇరువది నిండుటకు ఇంకను యేడాది యున్నది గనుక, ఆ యేడాది క్లీనరుగా గడుపుట చట్టమునకును విద్యకును సరిపోవు పని. అర్ధరాత్రివేళ డ్రైవరు కునుకుపాట్లు ఆపుకొనలేక లైసెన్సు లేని క్లీనరుచేతికి స్టీరింగిచ్చి పడుకొనుట కలదు. దానిని విద్యాదానమని కొందరు మురిసిపోదురు గాని, అది వట్టి నిద్రాదానము. ప్రమాదము జరిగిననాడు బీమావారు అడుగు మొదటి కాగితము లైసెన్సే.

ఇక ఏ ఊరి బండి యన్నచో, మా ప్రాంతమున మూడు వైపులును మూడు విధములైన బడులు. పులివెందుల అరటిగెలలు, చీనీకాయలు ఎక్కించుకొని ఢిల్లీ వైపు బయలుదేరు బండికి కాలమే శత్రువు. కాయ మెత్తబడక మునుపే మండి చేరవలెను గనుక, ఆ బండిలోని కుర్రవాడు దేశము చూచును, దాబాల పేర్లు నేర్చును, భాషలు నేర్చును గాని, నేర్పుటకు డ్రైవరునకు తీరిక యుండదు. ప్రొద్దుటూరి బండ్లకు ఒకనాడు పత్తి, ఒకనాడు పప్పులు, ఒకనాడు లోడే లేదు. బ్రోకరు ఆఫీసు ముందు చెట్టుక్రింద హాల్టింగు పడియుండుటయే సగము బ్రతుకు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపున నాపరాళ్ళు, సిమెంటు, థర్మల్ కేంద్రపు బూడిద తోలు బండ్లలో నాగరికత తక్కువ, దుమ్మెక్కువ. అయినను నేర్చుకొనువానికి నేనా దుమ్మునే కోరుదును. ఒకే దారిలో నిండుబరువుతో పోయి ఖాళీగా వచ్చుట, మాటిమాటికి గేర్లు మార్చుట, కాటా మీదికిని ఇరుకైన గనిలోనికిని రివర్సు చేయుట, నిలువుగా పేర్చిన రాతిపలకలు కదలకుండ బ్రేకును మెల్లగా అదుముట, రాత్రికి ఇల్లు చేరి యొడలు కడుగుకొని నిద్రపోవుట: ఇవన్నియు ఒకే కొలువులో దొరకుట అరుదు.

అయితే ఊరికంటెను, బండికంటెను ముఖ్యమైనది లెక్క. ఈ మాట చెప్పునప్పుడు మాత్రము నాకు గుమాస్తాగిరి గర్వము కలుగును. డ్రైవరునకు జీతమును బత్తాయు ఇచ్చి, డీజిలును బిల్లు ప్రకారము తానే భరించు ఓనరొకడు. ట్రిప్పుకింత డీజిలని కట్టి, మిగిలినది డ్రైవరునకే వదలు ఓనరింకొకడు. బాడుగలో వంతు నిచ్చువాడు మరియొకడు. రెండవ పద్ధతి వినుటకు మిక్కిలి ఉదారముగా నుండును. కాని ఆ బండి బెంగళూరు నుండి మరలివచ్చుచు కడపకు ముందు గువ్వలచెరువు ఘాటులో దిగునప్పుడు చూడవలెను! చుక్క డీజిలు మిగిలినను లాభమేనని డ్రైవరు గేరు తీసి న్యూట్రల్లో వదలును. ఇంజను పట్టి వెనుకకు లాగుచుండవలసిన బరువంతయు బ్రేకులమీద పడి, డ్రమ్ములు కాలి, కమురువాసన వచ్చి, తుదకు పెడలు తొక్కినను బండి నిలువని స్థితి కలుగును. ప్రక్కన కూర్చున్న కుర్రవాడు దీనిని తప్పని యెట్లెరుగును? ఘాటు దిగు విధమే యిది యని నేర్చుకొనును. తాను సీటెక్కిన పిదప తన క్లీనరునకును అదియే నేర్పును. ఆ డ్రైవరు చెడ్డవాడు కాడు, పద్దు అట్లున్నది. బాడుగలో వంతు తీసికొనువాడు ఓవర్‌లోడునకు తల యూపుటయు, రెండు నిద్రలు మాని పోవుటయు ఇట్టివే. మోటారు రవాణా కార్మికులకు దినమునకు 8 గంటల పని యని 1961 నాటి చట్టము 2025లో రద్దగువరకు చెప్పుచు వచ్చినను, అది ఐదుగురు లేక అంతకుమించి పనివారున్న సంస్థలకే వర్తించెను గాని, ఒకటి రెండు బండ్ల ఓనరు దానికి చిక్కలేదు. మావాని వంటివారు చేరునది యెక్కువగా అట్టి ఓనరు వద్దనే.

కనుక నేను వానితో ఇట్లంటిని: "అబ్బీ, బండి కొత్తదా పాతదా అని అడగొద్దు. డీజిలు మిగిల్తే ఎవరికని అడుగు. ఇంతకుముందు ఆ బండిలో క్లీనర్లుగా ఉన్నోళ్ళు ఇప్పుడేం చేస్తాండారని అడుగు. అడ్వాన్సు పెద్దదిస్తానంటే మాత్రం లేచి వచ్చెయ్." ఈ కడపటి మాట చెప్పుటకు కారణము కలదు. అడ్వాన్సు తీరలేదను నెపమున ఒక కుర్రవాని లైసెన్సును బీరువాలో పెట్టుకొన్న ఓనరొకని లెక్కలు ఒకప్పుడు నేనే వ్రాసితిని. ఆ కుర్రవాడు మూడుమార్లు వచ్చి నా బల్లముందు నిలిచినను, నేను పద్దుపుస్తకము నుండి తలయెత్తలేదు.

మావాడు జమ్మలమడుగు వైపున నాపరాళ్ళు తోలు నడివయస్సు డ్రైవరొకని వద్ద చేరినాడు. ఆయన బండి ఆయనదే, పది టైర్లది, రంగు వెలసినది. మూడు నెలలకు మొన్న ఆదివారము వచ్చినప్పుడు, "స్టీరింగు ముట్టనిచ్చినాడా?" అని యడిగితిని.

"యాడ మామా! మొన్నటిదాకా తాడు ముడి, పట్ట మడత. ఇప్పుడు తెల్లారితే కడ్డీతో టైర్లు కొట్టించి, కండ్లు మూసుకోని ఏ టైరులో గాలి తగ్గిందో చెప్పమంటాండాడు."

అన్నము తిని, చేయి కడుగుకొని, పోవుచు పోవుచు గుమ్మము ముందున్న నా స్కూటరు వెనుకటైరును వ్రేళ్ళ కణుపులతో రెండుమార్లు తట్టి, చెవి యొగ్గి, "దీంట్లో గాలి తక్కువుండాది మామా" అనినాడు.