మధురవాణికి ఏ చీర కట్టాలి?

‘కన్యాశుల్కం’కి బొమ్మలు వేస్తున్న ఫ్రెండు ఒకడు, ఆ కాలం బట్టలూ ఇళ్లూ ఎలా ఉండేవో వెతికిపెట్టమన్నాడు. పగలంతా కోడ్‌లో తప్పులు పట్టేవాణ్ణి, బొమ్మల్లో పట్టడం ఎంతసేపనుకున్నా. మొదటి ప్రశ్న దగ్గరే ఇరుక్కుపోయాను. ఏ కాలం? నాటకం తొలిసారి విజయనగరంలో ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. మనం చదివేదేమో గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. ఈలోగా ఆ ఊరికి రైలు కూడా వచ్చేసింది.

రెండో చిక్కు మన కళ్లే. 1955 సినిమా చూసినవాళ్లకి మధురవాణి అంటే సావిత్రి, గిరీశం అంటే ఎన్టీఆర్. దాన్ని దాటి వెనక్కెళ్తే రవివర్మ కాచుక్కూచుంటాడు. ఆయన అచ్చు ప్రెస్సు మొదలైంది 1894లో కాబట్టి కాలం సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ లక్ష్మీ సరస్వతుల కట్టు తెచ్చి విజయనగరం వేశ్యకి చుట్టేస్తే అది పరిశోధన కాదు, బద్ధకం.

మరి ఫొటోలు? థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద వేసిన ఏడు సంపుటాలు కూడా సరిగ్గా 1909వే. చూడగానే నిధి దొరికిందనుకున్నా. నాలుగు పేజీలు తిరగేసేసరికి ఇబ్బంది మొదలైంది. అందులో మనుషులు నమూనాల్లా నిలబడి ఉంటారు. ఫలానా కులం, ఫలానా బట్ట, అంతే. గురజాడ నాటకం దీనికి నేరుగా ఎదురు. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లుకి పెళ్లాం అయిపోతాడు. ఆ ‘పెళ్లికూతురి’తో పాటు మాయమైన కంటె కోసం రామప్పపంతులు పడే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఇక్కడ బట్టా నగా అలంకారాలు కావు, కథని నడిపేవే అవి. వేసుకున్న బట్టని బట్టి మనిషిని పోల్చుకున్న ప్రతివాడూ ఈ నాటకంలో మోసపోతాడు.

అందుకే నేను ఫొటోలు పక్కనపెట్టి మళ్లీ నాటకమే పట్టుకున్నా. గిరీశం, రామప్పపంతులు ఇద్దరూ దూరాలంటే ఆ మంచం ఎంత ఎత్తుండాలి? పూటకూళ్లమ్మ చీపురు లోపలిదాకా ఎలా అందింది? నవ్వకండి, చీర అంచు కన్నా ఈ లెక్క ముఖ్యం. అది తప్పితే బొమ్మలో హాస్యమే ఉండదు.

మేం నిజంగా కొట్టుకున్నది మాత్రం చివరి బొమ్మ దగ్గర. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చే ఘట్టం. మా వాడి డ్రాయింగ్‌లో తలపాగా, కోటు, పంచె అన్నీ కాలానికి అతికినట్టున్నాయి. కానీ తలపాగా కింద సావిత్రి కళ్లు! చూసిన క్షణంలో దొరికిపోతుంది. సౌజన్యారావు పోల్చుకోలేని మనిషిని మనం ఎలా పోల్చుకుంటాం? అప్పట్లో ఆడవేషాలు కట్టేది మగవాళ్లేనని గుర్తుచేశాను. అంటే ఆడదానిగా నటిస్తున్న మగాడు మళ్లీ మగాడిలా కనిపించాలి. ఆనాటి ప్రేక్షకుడికి ఆ తమాషా వేరు. “పేజీ తిప్పేవాడు ఎవరో కుర్రాడనుకుని వెళ్లిపోవాలి” అన్నాను. “అలా వెళ్లిపోతే ఇక నా బొమ్మెందుకురా?” అన్నాడు వాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతా బొమ్మలన్నీ రంగులు పూసుకున్నాయి. ఇదొక్కటీ ఇంకా పెన్సిల్లోనే ఉంది.