చదివాడు సరే, అర్థమైందా?

‘గిబ్బడు మెట్టలో తొరకలు మడించాడు.’ ఈ వాక్యంలో ‘మెట్ట’ తప్ప మిగతా మాటలు మేం కల్పించినవి. వాటికి అర్థం లేదు. అయినా అడిగి చూడండి. గిబ్బడు తొరకలు ఎక్కడ మడించాడు? మెట్టలో. మెట్టలో ఏం మడించాడు? తొరకలు. రెండు జవాబులూ ఒప్పే, పూర్తి మార్కులు వేయాల్సిందే.

ఇంట్లో తెలుగు మాట్లాడని సవర పిల్లవాడికి మొదటి తరగతుల వాచకంలో చాలా వాక్యాలు ఇలాగే వినిపిస్తాయి. ‘చదివి జవాబులు రాయండి’ అన్న చోట వచ్చే ప్రశ్నలు చాలావరకు ఈ రకమే. ప్రశ్నలో ఉన్న మాటను పాఠంలో వెతికి, పక్క మాటను దించేస్తే పని అయిపోతుంది. పిల్లవాడు గడగడా చదువుతాడు, మేష్టారు సంతోషిస్తారు. పై తరగతిలో సైన్సు, సాంఘికం చేతికొచ్చాక గుట్టు బయటపడుతుంది. అప్పుడు ‘వీడికి బుర్ర లేదు’ అంటారు. బుర్రకు పని చెప్పే ప్రశ్నను అంతవరకూ ఎవరూ అడగలేదు కదా!

ఈ గడ్డకు ఇది కొత్త సంగతి కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు, పుస్తకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. సవర ముండా కుటుంబపు భాష, తెలుగు ద్రావిడ భాష. సవరను తెలుగులో ఒక యాస అనుకునే మేష్టార్లు ఇది గుర్తుంచుకోవాలి.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ మొదలైన ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది. మన భాష అచ్చు పుస్తకంలో కనపడటం చిన్న విషయం కాదు, దాన్ని మేం గౌరవిస్తాం. అయితే మన పండుగ బొమ్మ, మన డప్పు బొమ్మ వేసినంత మాత్రాన అది మన పాఠం అయిపోదు. బొమ్మ కింద మళ్లీ ‘డప్పు ఎవరు కొట్టారు?’ అన్న ప్రశ్నే ఉంటే అట్ట మారింది గాని చదువు మారలేదు.

న్యూజిలాండులో సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే ఉపాధ్యాయిని మావోరీ పిల్లలు నోటితో చెప్పిన మాటలనే అట్టముక్కల మీద రాసి, వాటితోనే చదువు మొదలుపెట్టేవారు. ఆ అనుభవాన్ని 1963లో పుస్తకంగా తెచ్చారు. మన ఏకోపాధ్యాయ బడిలో కూడా ఇది సాధ్యమే. ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను చాలు. పిల్లలు చెప్పింది రాయండి. ఉదాహరణకి ఇలా:

‘అమ్మ రెండు మోపుల కొండచీపుర్లతో సంతకు దిగింది. పొద్దుగూకేసరికి ఒక మోపుతో తిరిగొచ్చింది. ఆ రాత్రి కూరలో ఉప్పు తక్కువైంది.’

ఇప్పుడు అడగండి. ఎన్ని మోపులు అమ్ముడుపోయి ఉంటాయి? ఉప్పు ఎందుకు తక్కువైంది? మీ ఇంట్లో అయితే అమ్మ ముందుగా ఏం కొనేది? మొదటి రెండింటికీ జవాబు ఏ వాక్యంలోనూ రాసి లేదు. వాక్యాలను కలిపి ఆలోచించాలి. మూడోదానికి తన ఇల్లు తలచుకోవాలి. జవాబు చెప్పాక ‘ఏ మాట చూసి అలా అనుకున్నావు?’ అని తప్పకుండా అడగాలి. పిల్ల సవరలో జవాబు చెప్తే తప్పు పట్టొద్దు. అర్థమైనదాన్ని తర్వాత తెలుగులోకి తేవచ్చు, అర్థం కానిదాన్ని ఏ భాషలోకీ తేలేం. మేష్టారుకి సవర రాకపోతే నాలుగో తరగతి పిల్ల తెలుగులో చెప్తుంది. ఆ పిల్లకూ అది చదువే.

యువకులు చేయాల్సిన పని కూడా ఉంది. ఊళ్లో పెద్దలు చెప్పే కథలను తెలుగు లిపిలో, సొంత భాషలో రాసి బడికి ఇవ్వండి. ప్రతి కథ కిందా దించి రాయడానికి వీల్లేని ప్రశ్నలు మూడు పెట్టండి.

ఇది మార్కుల గొడవ అనుకోవద్దు. కొండల్లో భూములు అప్పు కాగితాల మీద వేలిముద్రలతో చేజారాయి. ఆ నష్టాన్ని ఆపడానికే 1970లో 1/70 చట్టం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమి క్లెయిము గ్రామసభలో మొదలవుతుంది, ఆ తీర్మానమూ తెలుగు కాగితమే. తాత చదవలేక వేలిముద్ర వేశాడు. మనవడు అదే కాగితాన్ని గడగడా చదివి, అర్థం కాకుండా సంతకం పెడితే ఇద్దరికీ తేడా ఏముంది? ‘ఈ మాట ఇక్కడ ఎందుకు రాశారు?’ అని అడగడం ఆ మనవడికి ఒకటో తరగతిలోనే అలవాటు కావాలి.