కొటేషను కాగితముపై కంప్యూటరు

నర్సీపట్నములోని ఒక ఉన్నత పాఠశాలకుగాని, కళాశాల కార్యాలయమునకుగాని కంప్యూటరు కావలసివచ్చినప్పుడు మొదట జరుగు పని మూడు కొటేషన్లు తెప్పించుట. ఊరిలోని దుకాణమునుండి ఒకటి, అనకాపల్లినుండి ఒకటి, విశాఖపట్నమునుండి ఒకటి వచ్చును. మూడింటిలోను ఇంచుమించుగా ఒకే వాక్యము ఉండును: “ఐ5 ప్రాసెసరు, 8 జి.బి. మెమరీ, 1 టి.బి. హార్డ్ డిస్కు, మానిటరు, కీబోర్డు, మౌసు.” దాని క్రింద ధర. ధరలలో తక్కువదానికి గుర్తు పెట్టి, తక్కిన రెండు కాగితములను ఫైలులో చేర్చివేయుదురు.

ఈ ఒక్క వాక్యమును పట్టుకొని విమర్శకు పూనుకొనుట వింతగా తోచవచ్చును. కాని ఒక పాఠశాల ఏడెనిమిది సంవత్సరములపాటు ఏ యంత్రముతో వేగవలసియున్నదో నిర్ణయించునది ఈ వాక్యమే. నాలుగు పాదముల పద్యమునకు ప్రతిపదార్థము వ్రాయించు ఉపాధ్యాయులు, వేలకొలది రూపాయలు వ్యయమగు ఈ వాక్యమునకు ప్రతిపదార్థము అడుగకుండుట న్యాయము కాదు.

ముందుగా చేయవలసిన పని ఎట్టిదో చూడవలెను. పాఠశాల కార్యాలయములో ఎవరును వాతావరణ గణనలు చేయబోరు. యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో విద్యార్థుల వివరములు ఎక్కించుట, ఆరు తరగతుల మార్కుల పట్టికలు, తెలుగులో ప్రశ్నపత్రము కూర్చుట, స్కాను చేసిన పాత పత్రముల పి.డి.ఎఫ్.లు వెదకుట, అప్పుడప్పుడు ఒక పాఠపు వీడియోను కత్తిరించి అతుకుట. విడివిడిగా చూచిన ఇవి చిన్న పనులే. అయితే ఇవి విడివిడిగా జరుగవు. వీడియో సమావేశము నడుచుచుండగనే మార్కుల పట్టిక తెరువవలసివచ్చును. బ్రౌజరులో పన్నెండు పుటలు తెరిచియే యుండును. దైనందిన కార్యమునకు బరువు వచ్చునది ఈ కలయికవలననే. కొటేషను వాక్యమును ఈ బరువుతోనే తూచవలెను.

మొదటి పదము “ఐ5”. ఇంటెల్ సంస్థ ఈ పేరును 2009లో ప్రవేశపెట్టినది. ఐ7 అంతకు ముందటి సంవత్సరమే వచ్చినది. అప్పటినుండి ఇన్ని తరముల యంత్రములకు ఇదే పేరు సాగినది. కనుక తరము సంఖ్య చెప్పక “ఐ5” అనుట, ఇంటిపేరు చెప్పి మనిషిపేరు దాచుట వంటిది. ఒక్క ఉదాహరణ చాలును. 2008లో వచ్చిన ఐ7-920, 2022లో వచ్చిన ఐ3-12100 రెండును నాలుగు కోర్లు గలవే. మొదటిది 130 వాట్ల తరగతికి చెందినది. రెండవదాని మూలశక్తి 60 వాట్లు. పేరును బట్టి చూచిన ఏడు మూడుకంటె పెద్దది. పనిని బట్టి చూచిన ఐ3-12100లోని ఒక్కొక్క కోరు, ఐ7-920లోని కోరుకంటె రెండింతలకు మించిన వేగముతో పనిచేయును. పాత యంత్రములను శుభ్రపరచి మరల అమ్మువారు “ఐ7” అని పెద్ద అక్షరములతో వ్రాయుటలో అసత్యము లేదు. అసత్యము లేకుండగనే కొనువాడు మోసపోవును. 12100 అను సంఖ్యలో మొదటి రెండంకెలు పన్నెండవ తరమని తెలుపును. కొటేషనులో అడుగవలసినది ఈ పూర్తి సంఖ్య. 2023 చివరనుండి కోర్ అల్ట్రా అను కొత్త పేర్లు కూడ వచ్చి చేరినవి. రైజెన్ ప్రాసెసర్ల విషయములోను పూర్తి సంఖ్యయే ప్రమాణము.

హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసినది. ఆ పేరులోని 12, యంత్రము ఒక్కసారిగా 12 బిట్ల పదమును గ్రహించునని తెలిపెడిది. ఐ5లోని 5 దేనికిని కొలత కాదు. ఐదు కోర్లు కావు, ఐదు గిగాహెర్ట్జులు కావు. నామకరణ విద్యలో ఇది పురోగమనమని చెప్పుట కష్టము.

గిగాహెర్ట్జుల సంగతియు కొంత వివరింపదగినదే. 2004 నాటికి పెంటియం 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జులకు చేరినది. ఆ సంవత్సరము అక్టోబరులో 4 గిగాహెర్ట్జుల నమూనాను ఇంటెల్ విరమించుకొన్నది. కారణము భౌతికశాస్త్ర విద్యార్థికి సులభముగా బోధపడును. ప్రాసెసరులో పుట్టు ఉష్ణము దాని కెపాసిటెన్సునకు, వోల్టేజి వర్గమునకు, పౌనఃపున్యమునకు అనులోమానుపాతములో ఉండును. పౌనఃపున్యమును పెంచవలెనన్న సాధారణముగా వోల్టేజిని కూడ పెంచవలెను. రెండింటిని 20 శాతము చొప్పున పెంచినచో ఉష్ణము 1.2 యొక్క ఘనము, అనగా 1.73 రెట్లగును. వేగము ఐదవవంతు పెరిగినందులకు వేడి ముప్పాతిక వంతు పెరిగినదన్నమాట. అందుచేతనే తయారీదారులు పౌనఃపున్యమును వదలి కోర్ల సంఖ్యను పెంచు మార్గము పట్టిరి.

కోర్లు పెరిగిన కొలది పని వేగిరపడునా? 1967లో ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచుండిన జీన్ ఆమ్డాల్ దీనికి సమాధానము చెప్పెను. ఒక పనిలో పంచుకొనదగిన భాగము మాత్రమే కోర్లవలన తరుగును. పంచుకొనరాని భాగము అట్లే ఉండును. 100 సెకనుల పనిలో సగము పంచుకొనదగినది అనుకొన్నచో, నాలుగు కోర్లతో అది 62.5 సెకనులకు దిగును. పదునారు కోర్లు పెట్టినను 53 సెకనులకంటె దిగదు. వీడియో కూర్పు చేయువారికి పదునారు కోర్లు ఉపయోగించును. ప్రశ్నపత్రము కూర్చువారికి అందులో చాలభాగము కూర్చుండి చూచుచుండును.

రెండవ పదము “8 జి.బి. మెమరీ”. ఇక్కడ లోపము అంకెలో ఉన్నది. తెరిచిన కార్యక్రమములకన్నిటికి కలిపి కావలసిన చోటు మెమరీని మించినప్పుడు, కంప్యూటరు కొంత సమాచారమును డిస్కునకు తరలించి, కావలసినప్పుడు మరల తెచ్చుకొనును. మించినది స్వల్పమైనచో ఎవరికిని తెలియదు. హద్దు దాటినచో యంత్రము తెచ్చుటలోను పంపుటలోను కాలమంతయు వెచ్చించి అసలు పని మానివేయును. పీటర్ డెన్నింగ్ 1968లో ఈ స్థితిని ‘థ్రాషింగ్’ అను పేరుతో విశ్లేషించెను. గింజ రాలని నూర్పిడి వంటిదిది. వీడియో సమావేశము మధ్యలో మౌసు బాణము తెరపై బిగుసుకొనిపోయి, డిస్కు దీపము మాత్రము మిణుకుమిణుకుమనుచుండుటను చూచినవారు ఈ నూర్పిడిని కన్నులార చూచినవారే. పైన చెప్పిన పనుల కలయికకు 16 జి.బి. విలాసము కాదు. 2025 చివరి నెలలలో మెమరీ ధరలు బాగుగా పెరిగిన మాట నిజమే. అట్టి సమయములో ఒక్క 8 జి.బి. కడ్డీతో సరిపెట్టుకొనవలసివచ్చినను, మదర్‌బోర్డుపై రెండవ కడ్డీకి ఖాళీ గాడి ఉన్నదా అని అడిగి తీరవలెను. ఈ గాడి సంగతి ఏ కొటేషనులోను కానరాదు.

మూడవ పదము “1 టి.బి. హార్డ్ డిస్కు”. ఆ వాక్యములో చూపునకు మిక్కిలి ఉదారముగా కనిపించునది ఇదే; నిజమునకు మిక్కిలి అన్యాయము చేయునదియు ఇదే. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కు ఒక చుట్టునకు 8.33 మిల్లీసెకనులు తీసికొనును. కావలసిన సమాచారము ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అర్ధచుట్టు, అనగా 4.17 మిల్లీసెకనులు ఆగవలెను. ముల్లు సరియైన వలయమునకు కదలుటకు మరి ఎనిమిదికి పైగా. మొత్తము 12.5 మిల్లీసెకనులు అనుకొనవచ్చును. మెమరీనుండి తెచ్చుటకు పట్టునది సుమారు 100 నానోసెకనులు. ఎస్.ఎస్.డి.లో చక్రములు లేవు, ముల్లు లేదు. అక్కడ సుమారు 100 మైక్రోసెకనులు.

ఈ చిన్న అంకెలు తరగతిలో ఎక్కవు గనుక వీనిని సాగదీసి చూపవచ్చును. ప్రధానోపాధ్యాయుడు ఒక రిజిస్టరు తెమ్మని అటెండరును పంపెననుకొనుడు. మెమరీ అను బీరువానుండి అతడు ఒక నిమిషములో తెచ్చును. ఎస్.ఎస్.డి.నుండి తేవలసినచో వేయి నిమిషములు, అనగా సాయంకాలము వెళ్లినవాడు మరునాడు ఉదయము వచ్చును. హార్డ్ డిస్కునుండి తేవలసినచో లక్షా యిరువదియైదువేల నిమిషములు. ఎనుబదియారు దినములు దాటును. దసరా సెలవులకు ముందు వెళ్లిన అటెండరు సంక్రాంతికి రాగలడో లేదో! ఇట్టివానితో కూడిన కార్యాలయములో ప్రధానోపాధ్యాయుని చురుకుదనము ఏమి చేయగలదు?

ఆమ్డాల్ సూత్రమును మరల ఇక్కడ వాడుకొనవచ్చును. ఒక పనికి 100 సెకనులు పట్టుచు, అందులో 60 సెకనులు డిస్కుకొరకు నిరీక్షణయే అనుకొనుడు. రెట్టింపు వేగముగల ప్రాసెసరు కొన్నచో మిగిలిన 40 సెకనులు 20 అగును. పని 80 సెకనులలో ముగియును. ప్రాసెసరును అట్లే ఉంచి, నిరీక్షణను పదవవంతునకు తగ్గించు ఎస్.ఎస్.డి. పెట్టినచో 46 సెకనులలో ముగియును. ఐ5కు బదులు ఐ3 తీసికొని, మిగిలిన సొమ్ముతో 512 జి.బి. ఎస్.ఎస్.డి.ని, ఎక్కువ మెమరీని అడిగినవారు తక్కువ యంత్రమును కొన్నవారు కారు. హార్డ్ డిస్కును పూర్తిగా నిందింపనక్కరలేదు. పాత సంవత్సరముల పత్రములను, ఛాయాచిత్రములను దాచుటకు అది చవుకయైన గాదె. వంటగదిలో మాత్రము దానిని పెట్టరాదు.

ఇక వాక్యములో లేని పదములు. నర్సీపట్నము తూర్పు కనుమల పాదమున ఉన్నది. చింతపల్లి త్రోవలో కొండ ఎక్కినచో లంబసింగి చలికి పేరుపడ్డ చోటు. కాని కంప్యూటరు ఉండునది కొండక్రింద, వేసవిలో. ప్రాసెసరు ఉష్ణోగ్రతను ఓం నియమము వంటి నియమముతోనే లెక్కింపవచ్చును: గది ఉష్ణోగ్రతకు, ప్రాసెసరు వాట్లను ఉష్ణనిరోధముతో గుణించి కలుపవలెను. 65 వాట్లు, వాటుకు 0.6 డిగ్రీ నిరోధము అనుకొన్నచో పెరుగుదల 39 డిగ్రీలు. 25 డిగ్రీల గదిలో ప్రాసెసరు 64 డిగ్రీలవద్ద ఉండును. 40 డిగ్రీల గదిలో 79వద్ద. రెండు సంవత్సరముల దుమ్ము పట్టి నిరోధము రెట్టింపైనచో లెక్క 118కి వచ్చును. అంతవరకు అది పోదు. 100 డిగ్రీల చేరువలో ప్రాసెసరు తనంతతానే వేగము తగ్గించుకొనును. జనవరిలో చురుకుగా నడచిన యంత్రము మేలో మందగించినదని వైరసును అనుమానించువారు, ముందు ప్రక్కరేకు విప్పి ఒక బ్రష్షుతో పంకాను దులిపి చూడవలెను.

యు.పి.ఎస్. మాటయు ఇట్టిదే. 600 వి.ఎ. అనగా 600 వాట్లు కాదు. సామాన్యముగా అమ్ముడగు చిన్న యు.పి.ఎస్.లలో అది 360 వాట్ల ప్రాంతమే. కార్యాలయపు కంప్యూటరునకు అది చాలును. లేజర్ ప్రింటరును కూడ దానికే తగిలించినచో చాలదు. వ్రాత నడుచుచుండగా విద్యుత్తు పోవుట హార్డ్ డిస్కునకును, ఎస్.ఎస్.డి.కిని కూడ చేటు.

కొత్తది కొనకుండ ఉండుటయు ఒక ఎంపికయే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 సాధారణముగా ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందటి ప్రాసెసర్లను అంగీకరింపదు. అంతమాత్రమున ఆరవ తరపు ఐ5 చచ్చినట్లు కాదు. ఎస్.ఎస్.డి. అమర్చి, లినక్స్ ఎక్కించినచో బ్రౌజరు పనులను, పట్టికలను, యూనికోడ్ తెలుగును అది చక్కగా నిర్వహించును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు లినక్స్‌తోనే బోధన సాగించుచున్నవి. అయితే పాత అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో ప్రశ్నపత్రములు కూర్చు అలవాటు ఉన్నచోట ఈ మార్పు తేలిక కాదు. ఆ ఫైళ్లను యూనికోడ్‌లోనికి మార్చు శ్రమను కూడ ఖర్చుక్రింద లెక్కింపవలెను.

దుకాణదారుని తప్పుపట్టుటకు ఇందులో అంతగా ఏమియు లేదు. అడిగినదానికే అతడు ధర వేయును. 2016లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన జెమ్ కొనుగోలు వేదికలోను లక్షణములను పేర్కొనవలసినవాడు కొనువాడే. కోరికలో “ఐ5” అని మాత్రమే వ్రాసి, అతి తక్కువ ధరను ఎన్నుకొన్నప్పుడు, అందరికంటె పాత ఐ5 గెలుచుట పోటీ నియమములకు అనుగుణమే.

ఈ చిక్కులన్నిటికి ఒకే అంకె చాలునని, పరీక్షా ప్రోగ్రాముల మార్కులు చూపువారు కలరు. 1972లో వెట్‌స్టోన్, 1984లో డ్రైస్టోన్ అను ప్రోగ్రాములు ఇందుకొరకే పుట్టినవి. క్రమముగా డ్రైస్టోన్‌కు మంచి మార్కులు వచ్చునట్లు కంపైలర్లను మలచుకొనుట మొదలైనది. ఇంపార్టెంటు ప్రశ్నలు మాత్రమే చదివిన విద్యార్థి మార్కులను నమ్మని ఉపాధ్యాయునకు ఈ కథను విప్పిచెప్ప నక్కరలేదు.

ఇంతకంటె నమ్మదగిన పరీక్ష ఒకటి కలదు. పాఠశాలలోని అతి పెద్ద మార్కుల పట్టికను, నూరు పుటల స్కాను పి.డి.ఎఫ్.ను, పది నిమిషముల వీడియోను పెన్‌డ్రైవులో తీసికొని దుకాణమునకు వెళ్లవలెను. వానిని యంత్రములోనికి ఎక్కించి, అన్నిటిని ఒకేసారి తెరచి, బ్రౌజరులో పన్నెండు పుటలు విప్పి, పి.డి.ఎఫ్.లో ఒక పేరు వెదకించి, చేతిగడియారము చూచుకొనవలెను. మూడు దుకాణములలోను ఇదే పని చేసి, పట్టిన సెకనులను ఆయా కొటేషను కాగితముల వెనుక పెన్సిలుతో వ్రాసికొన్న తరువాత ధరలవైపు చూడవచ్చును.