తీర్పులో నడిచే మనిషి ఎవరు?

గౌలిపురలో మా అమ్మతో కలిసి నడవడమంటే ఆమె వెనక నడవడమే. పక్కపక్కన నడిచే వీలు లేదు. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద షాపుల మెట్లు, నిలబెట్టిన బండ్లు. లేనిచోట మోరీ అంచు. మోకాళ్ల నొప్పులతో ఎక్కుతూ దిగుతూ చివరికి అమ్మ "రోడ్డు మీదనే నయం బిడ్డా" అంటుంది. లాల్‌దర్వాజ దాకా వెళ్లొచ్చేసరికి మేం ఒక్క ముచ్చటా చెప్పుకోం. హారన్ మోగితే నేను ఆమె భుజం పట్టుకుంటాను, అంతే.

పోయినేడు అమ్మ పడిపోయింది. ఒక ఆకుకూరల గంపను తప్పించుకోబోయి పడింది. నాకు ఆ గంప మీద ఎంత కోపమొచ్చిందో! కానీ అమ్మను లేపి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించింది ఆ గంప మనిషే. "నేను కూసునేటందుకే జాగ లేదు, నువ్వు నడిచేటందుకు యాడికెళ్లి వస్తది అక్కా" అంది. ఆ మాట నన్ను వదల్లేదు.

అప్పట్నించీ ఫుట్‌పాత్‌ల మీద వచ్చిన తీర్పులు, చట్టాలు ముందేసుకుని కథలు చదివినట్టు చదివాను. ఇందులో మా అమ్మ ఎక్కడుంది, ఆ గంప మనిషి ఎక్కడుంది అని వెతుక్కుంటూ.

1985లో బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసు. ఓల్గా టెల్లిస్ అనే పాత్రికేయురాలి పేరుతో నిలిచిపోయింది. బతుకుదెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అదే తీర్పులో, ఫుట్‌పాత్ నడిచేవాళ్ల కోసమని, దాన్ని ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పింది. నలభై ఏళ్లకు, 2025 మేలో, కోయంబత్తూరు డాక్టరు ఎస్. రాజశేఖరన్ వేసిన రోడ్డు భద్రత కేసులో, ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణం కింద హక్కేనంది. అక్టోబరులో, నడిచేవాళ్ల కోసం రాష్ట్రాలు ఆరు నెలల్లో నియమాలు రాయాలని ఆదేశించింది.

సంతోషమే. కానీ ఈ పాఠాల్లోని పాదచారి చేతిలో సంచి లేదు, చంకలో పిల్ల లేదు. అమ్మేవాళ్లు అతనికి అడ్డం మాత్రమే. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఇదే రోడ్డున నడిచొచ్చిన ఆడమనిషి పాదచారి కాదా? 2014 వీధి వ్యాపారుల చట్టం ఇంకో వైపు నుంచి రాసింది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్లలో మూడోవంతు స్త్రీలుండాలి. మంచి మాట. ట్రాఫిక్ పోలీసులకూ అందులో చోటుంది. నడిచేవాళ్లకని విడిగా కుర్చీ లేదు. ఇద్దరూ ఒకే కాగితం మీద కలుసుకోరు.

2011లో వచ్చిన 'వై లాయిటర్' పుస్తకంలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే ముంబయి స్త్రీల గురించి రాస్తూ, పనేమీ లేకుండా వీధిలో ఉండే హక్కు కావాలన్నారు. నాకు ఇష్టమైన పుస్తకం. అయినా గౌలిపురలో చదువుకుంటే ఇంకోటి అన్పిస్తుంది. ఇక్కడ పొద్దుగూకినాక కూడా వీధిలో కదలకుండా కూర్చునే ఆడమనిషి ఆ గంప మనిషే. ఆమె ఉన్నంతసేపూ ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల నడకలో తొందర ఉండదు. ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తే ముందు పోయేది గంప. సిమెంటు మెట్లు ఉంటాయి, కార్లు ఉంటాయి. ఖాళీ అయిన ఆ చీకటి దారి ఎవరికి?

కాలినడక దూరంలోనే చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి రాళ్లు పరిచారు. చూడవచ్చినవాళ్లు నిదానంగా నడుస్తారు. రోజూ నడిచేవాళ్లకూ ఆ నిదానం కావాలి.

నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు అంటాయి. ఆ కొలత గంప దగ్గర కాదు, మెట్ల దగ్గర, కార్ల దగ్గర మొదలుపెట్టాలి. 1.8 మీటర్లంటే అమ్మా నేనూ పక్కపక్కన, మాట్లాడుకుంటూ నడిచేంత వెడల్పు. ఆ పక్కన గంపకో మూల మిగిలితే, ఆగి ఆమెనూ పలకరించొచ్చు.